గాజా, బెరీలియమా, సిలికాన్ కార్బైడా? అంతరిక్షంలోకి ఏ అద్దం మేలు?

"జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు అద్దానికి బెరీలియం వాడారు కదా సార్, ఇంకా గాజెందుకు?" నల్లగొండ చుట్టుపక్కల బడుల్లో టెలిస్కోపు పెట్టి చంద్రుణ్ణి చూపించిన ప్రతిసారీ పిల్లలు అడిగే మాట ఇది.

తేలికదనమే చూస్తే బెరీలియం అనే తేలికపాటి లోహానిదే పైచేయి. వెబ్ 6.5 మీటర్ల అద్దంలో 18 ముక్కలు. ఒక్కోటి 1.3 మీటర్ల వెడల్పు, అయినా అందులో బెరీలియం 20 కిలోలే. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు గాజు అద్దం 2.4 మీటర్లే, లోపల తేనెపట్టులా ఖాళీలు వదిలినా 800 కిలోలు దాటింది. కానీ బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు విషం. దాన్ని అరగదీసే చోట కట్టుదిట్టాలకే బోలెడు ఖర్చు. పైగా వెబ్ ఉండే మైనస్ 220 డిగ్రీల చలిలోనే అది కుదురుగా ఉంటుంది, మామూలు ఉష్ణోగ్రతల్లో వేడి పెరిగితే బాగా సాగుతుంది.

నా మటుకు తేల్చేది బరువు కాదు, వేడి. మిద్దె మీది గదిలో ఆరంగుళాల గాజు అద్దం అరగదీసుకున్నప్పుడు, దాని ముఖం మీద బొటనవేలు నిమిషం సేపు ఆనించి, అద్దం నుంచి వచ్చే కాంతికి బ్లేడు అంచు అడ్డుపెట్టి ఎత్తుపల్లాలు కనిపెట్టే పరీక్షలో చూశాను. వేలు పెట్టిన చోట చిన్న గుట్ట లేచింది. అది అణిగేదాకా చాలాసేపు అలాగే కూర్చున్నాను. గాజులో వేడి త్వరగా పాకదు. మన దేశపు అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్‌లో వాడిన జెరోడూర్ లాంటి గాజు దాదాపు సాగదు కాబట్టి దానికి ఈ బాధ లేదు. అయితే బిరుసు, అంటే వంగకుండా నిలిచే గుణం, తక్కువ, మరీ పల్చగా చేస్తే వంగుతుంది.

సిలికాన్, కార్బన్ కలిసిన పింగాణీ లాంటి పదార్థం సిలికాన్ కార్బైడ్. అది గాజుకు నాలుగైదు రెట్లు బిరుసు. వేడి అందులో వంద రెట్లు వేగంగా పాకుతుంది, కాబట్టి గుట్టలు లేవవు. చట్రం కూడా దానితోనే చేస్తే అద్దమూ చట్రమూ ఒకే తీరున సాగుతాయి, ఫోకస్ చెదరదు. నక్షత్రాల స్థానాలు కొలిచిన ఐరోపా అంతరిక్ష టెలిస్కోపు గయాలో అదే చేశారు. 2009లో ఎగిరిన మరో ఐరోపా అంతరిక్ష టెలిస్కోపు హెర్షెల్ 3.5 మీటర్ల అద్దం కూడా సిలికాన్ కార్బైడ్ 12 ముక్కలు అతికించి చేసిందే, బరువు 300 కిలోల దరిదాపు. అది చూసింది కంటికి కనబడని, పొడవైన తరంగాల దూర పరారుణ కాంతి కనుక అంత నునుపు అక్కర్లేదన్నది నిజమే. అయినా నా ఓటు దీనికే.

అల్యూమినియం చవక, చిన్న అద్దాలకు సరే. కార్బన్ ఫైబర్ తేమ పీల్చి ఆకారం మారుతుంది.

సిలికాన్ కార్బైడ్‌కు ఉన్న అసలు చిక్కు గట్టిదనమే. మేం గాజును అరగదీసే కార్బొరండం పొడి అదే కదా! దాన్ని అరగదీయాలంటే వజ్రపు పొడి కావాలి, నెలలు పడుతుంది. హైదరాబాద్ దగ్గర బాలాపూర్‌లోని పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో ఈ అద్దాల తయారీ మీద పని జరిగింది. ఇంజినీరింగ్ చదివే పిల్లలకు నేను ముందు చెప్పే పేరు అదే.