అడ్జస్ట్ చేసుకునే కైడెక్స్ హోల్‌స్టర్ - వాడాక నా మాట

ప్యాంటు నడుం లోపల పిస్టల్ పెట్టుకునే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్ ఇది, రోజంతా పెట్టుకుని తిరుగుతున్నా కాబట్టి రాస్తున్నా. ముందుగా నచ్చింది ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే రింగు) మొత్తం గట్టిగా కప్పేయడం, వేలు గానీ చొక్కా అంచు గానీ లోపలికి దూరే సందే లేదు, అది లేకపోతే ఎంత సుఖంగా ఉన్నా నేనైతే కొనను. బిగుతు కోసం ట్రిగ్గర్ గార్డ్ కింద ఒక స్క్రూ, దానికి రబ్బర్ వాషర్ ఉంది, కొంచెం తిప్పితే చాలు తేడా తెలిసిపోతుంది. పిస్టల్ ఖాళీ చేసి ఒకటికి రెండుసార్లు చూసుకుని, తలకిందులుగా పట్టుకుని ఊపితే జారకూడదు, అలాగని లాగేటప్పుడు పెనుగులాడాల్సిన పని కూడా ఉండకూడదు, అంతవరకే బిగించండి.

క్లిప్‌కి వరసగా రంధ్రాలు ఇచ్చారు, ఎత్తూ వంపూ రెండూ మార్చుకోవచ్చు. కుడి తుంటి వెనకాల పెట్టుకునేవాళ్ళకి 15 డిగ్రీలు ముందుకి వంచితే పిడి చొక్కాలోంచి పొడుచుకురాదు, కూర్చున్నప్పుడు కూడా పక్కటెముకలకి తగలదు. ఒంటివైపు అంచులు నున్నగా అరగదీశారు, ఆ పని చాలామంది చెయ్యరు!

లోటు ఏంటంటే స్క్రూలు కొన్నాళ్ళకి వదులవుతాయి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూలు వదులవకుండా వేసే జిగురు) ఒక చుక్క వేస్తే ఆగుతాయి, కంపెనీవాళ్ళే వేసి పంపాల్సింది. చెమటకి కైడెక్స్ ఒంటికి అతుక్కుంటుంది, లోపల బనియన్ ఉండాల్సిందే. బెల్ట్ మెత్తగా ఉంటే మాత్రం ఏ హోల్‌స్టరైనా వేలాడుతుంది, ముందు గట్టి బెల్ట్ కొనుక్కోండి.