తెల్ల స్పాంజి, మా హాలు గోడ

స్విచ్ బోర్డుల చుట్టూ చేతి జిడ్డుతో పేరుకునే నలుపు ఉంటుంది చూడండి, దానికి ఈ మెలమైన్ స్పాంజిని మించింది నేనింతవరకు చూడలేదు. సబ్బక్కర్లేదు, స్ప్రే అక్కర్లేదు. మెయిన్ ఆపి, స్పాంజిని తడిపి, గట్టిగా పిండి నాలుగుసార్లు రుద్దితే చాలు. తలుపు అడుగున బూట్లు తగిలిన నల్లగీతలు, ప్లాస్టిక్ కుర్చీల చేతులమీద మురికి, మా వాడి స్కూలు బూట్ల రబ్బరు అంచులు, అన్నీ వచ్చేశాయి. కొన్న కొత్తలో కింద ఫ్లాట్ ఆంటీకి కూడా ఒకటి ఇచ్చి తెగ పొగిడాను.

ఏడాది దాటాక ఆ పొగడ్త కాస్త తగ్గించాల్సి వస్తోంది.

మాది బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఇల్లు. హాలు గోడకు మెరుపు లేని ఎమల్షన్ పెయింటు వేసి ఉంది. సైకిల్ హ్యాండిల్ రాసుకుని నల్లటి చార పడింది. ప్యాకెట్ మీద గోడ బొమ్మ పెద్దగా ఉంది, ఏ పెయింటుకు వాడకూడదో ఎక్కడా లేదు. రుద్దితే చార మాయం. పగలంతా గోడ బాగానే ఉంది. సాయంత్రం ట్యూబ్‌లైట్ వేసి సోఫాలో కూర్చుంటే, చార ఉన్నచోట అరచేయంత మేర నిగనిగలాడుతోంది! తుడిచిచూశాం, ఆరనిచ్చాం, పోలేదు. పక్కింటికి మదనపల్లి పెయింటరు వస్తే పిలిచి చూపించాను. పక్కనుంచి ఒక్క చూపు చూసి, "పైపొర అరిగి నున్నగైపోయిందక్కా. ఈ ముక్కకే పెయింటేస్తే అతుకు తెలుస్తుంది. కొడితే గోడ మొత్తం కొట్టాల్సిందే" అన్నాడు.

స్పాంజి పట్టుకుంటే మెత్తగానే ఉంటుంది, చేసేది మాత్రం సన్న ఉప్పుకాగితం పని. మెలమైన్ రెసిన్ అనే గట్టి ప్లాస్టిక్‌ని నురగలా పొంగించి చేస్తారు. అందులోని సన్నటి పోగులు మురికిని గీకుతూ తామూ అరిగిపోతాయి. రాలే తెల్లపొడి కూడా ప్లాస్టిక్కే కాబట్టి సింకులోకి పోనీకుండా తడిగుడ్డతో ఎత్తి చెత్తబుట్టలో వేస్తున్నాను. టీవీ యూనిట్ మీది మెరిసే సన్మైకా దగ్గరికి దీన్ని రానివ్వను. బోరు నీళ్లకు కుళాయిల మీద పట్టే తెల్లపొరకు దీంతో కుస్తీ పట్టడం దండగ, నిమ్మచెక్క రుద్ది కాసేపాగి కడిగితే అదే వదులుతుంది.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను. మాకైతే ఇల్లు ఖాళీ చేసేరోజు అడ్వాన్సులో ఒక నెల అద్దె పెయింటింగ్‌కని ఎలాగూ పట్టుకుంటారు, ఆ మచ్చ అందులో కలిసిపోతుందని మా ఆయన ధీమా. మా చెల్లెలు హొసూరు రోడ్డు వైపు కొత్తగా ఫ్లాట్ కొనుక్కుంది. దానికి రెండు స్పాంజిలిచ్చి, "తలుపులకూ బూట్లకూ వాడుకోవే, గోడకైతే ముందు బీరువా వెనకాల రుద్దిచూడు" అని చెప్పాను.