ఆరేళ్లుగా అవే స్పీకర్లు, మారిందల్లా వాటి చోటు

మా గది 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. స్పీకర్లు కొన్న రోజున అందరూ పెట్టినట్టే పెట్టాను: చిన్న గోడకి ఆనించిన బల్ల మీద టీవీకి అటొకటి ఇటొకటి, వాటి వెనక నాలుగంగుళాల ఖాళీ, సోఫా ఏమో ఎదురు గోడకి ఆనుకుని. ఆరున్నర అంగుళాల వూఫర్ (బేస్ మోగించేది), ఒక అంగుళం ట్వీటర్ (సన్నటి పై స్వరాలు మోగించేది), వెనకవైపు పోర్టు, అంటే గాలి రంధ్రం, ఉన్న మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. మొదటి ఏడాదంతా వాటి మీద నాకు అసంతృప్తే. బేస్ గిటార్ ఒక స్వరం దగ్గర గదంతా గుమ్మని మోగేది, ఆ పక్క స్వరం అసలు వాయించారా లేదా అన్నట్టు ఉండేది, పాడేవాళ్ల గొంతు టీవీ లోపల ఇరుక్కుపోయినట్టు వినబడేది. అమ్మేసి పెద్దవి కొందామని గట్టిగా అనుకున్నాను. ఆ లోపు ఒక సెలవు రోజు మధ్యాహ్నం వాటిని బల్ల మీద నుంచి దింపి, రెండు స్టూళ్ల మీద పెట్టి, రెండడుగులు ముందుకు లాగి విన్నాను. గొంతు టీవీ లోంచి బయటికొచ్చేసింది. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా అవే స్పీకర్లు, అదే యాంప్లిఫయర్, అవే వైర్లు.

అయితే అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చింది నా కుర్చీ జరపడం. ఇది నాకు మూడో ఏడాదిలో గానీ తెలియలేదు, అప్పటిదాకా స్పీకర్లనే అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను, అందుకే ముందు దీని గురించే రాస్తున్నాను.

విషయం ఏంటంటే, శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఆ లెక్కన 16 అడుగుల పొడవులో 35 హెర్ట్జ్ (సెకనుకి 35 కంపనాలు) తరంగం సగం సరిగ్గా పడుతుంది, 70 హెర్ట్జ్ తరంగం పూర్తిగా పడుతుంది. ఇలా గది కొలతకి సరిపోయే శబ్దాలు రెండు గోడల మధ్య తిరిగి తిరిగి ఒకచోట బాగా పెరుగుతాయి, ఒకచోట దాదాపు చచ్చిపోతాయి. గోడ దగ్గర మాత్రం అన్నీ పెరిగే ఉంటాయి. అంటే తల గోడకి ఆనించి కూర్చున్నవాడికి గది మోత మొత్తం వాటాకొస్తుందన్నమాట, ఎంత మంచి స్పీకర్ అయినా సరే. మీ గదిలో చూసుకోవాలంటే పొడవు అడుగుల్లో కొలిచి 1125ని ఆ అంకెతో భాగించండి, మా గదికి సుమారు 70 వచ్చింది. ఆ హెర్ట్జ్ శబ్దం ఒక్కటే ఫోన్ నుంచి స్పీకర్లలో పెట్టి, వాల్యూమ్ తక్కువలో ఉంచి, సోఫా వెనక గోడ దగ్గర నుంచి నెమ్మదిగా ముందుకు నడవండి. మా గదిలో గోడ దగ్గర చెవులు బరువెక్కేంత మోత ఉంటుంది, రెండడుగుల దూరం వచ్చాక కాస్త సద్దుమణుగుతుంది, నాలుగో అడుగు దగ్గరకొచ్చేసరికి ఎవరో స్విచ్ కట్టేసినట్టు మాయమైపోతుంది, ఇంకో రెండడుగుల దూరం వెళ్తే మళ్లీ మొదలవుతుంది. మొదటిసారి చేసినప్పుడు ఆ నాలుగో అడుగు దగ్గర తల ముందుకీ వెనక్కీ ఊపుతూ చాలాసేపు నిలబడిపోయాను, జానెడు దూరంలో శబ్దం ఉండటం, లేకపోవడం.

సోఫాని నాలుగడుగులు ముందుకు తెస్తే 70 మోత పోయింది, కానీ దాంతోపాటు బేస్ గిటార్ ఒళ్లు కూడా పోయింది. సరిగ్గా గది మధ్యలో, అంటే ఎనిమిదడుగుల దగ్గర, 70 మళ్లీ పూర్తిగా వచ్చి 35 మాయమైంది, అక్కడ పెద్ద డ్రమ్ము అట్టపెట్టె మీద కొట్టినట్టు వినబడింది. వెనక గోడ నుంచి పొడవులో 38 శాతం దగ్గర కూర్చోమని ఒక లెక్క బాగా ప్రచారంలో ఉంది, అది మాకు ఆరడుగులు అవుతుంది, అక్కడ కుర్చీ వేస్తే తలుపు దారి మూసుకుపోతుంది. చివరికి ఐదడుగుల దగ్గర ఆగాను. సోఫా వెనక్కే ఉంది, వినేటప్పుడు మాత్రం ఒక తేలికపాటి కుర్చీ ముందుకేసుకుంటాను. కుర్చీ వీపు తల వెనక దాకా రాకూడదు, వస్తే దాని మీద తగిలి వచ్చే శబ్దం చెవి పక్కనే గరగరలాడుతుంది.

ఇక స్పీకర్లు. స్టూళ్లు తీసేసి 24 అంగుళాల స్టాండ్లు తెచ్చాను, కూర్చున్నప్పుడు చెవి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి ట్వీటర్ అదే ఎత్తుకి వచ్చేలా చూసుకున్నాను. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, చేసేయండి అంతే.

స్పీకర్లు వాటి వెనక గోడ నుంచి ఎంత దూరం అన్నదాని మీద మాత్రం నెలలు పోయాయి. స్పీకర్ వెనక గోడకి తగిలి తిరిగొచ్చే శబ్దం ముందుకెళ్లే శబ్దాన్ని ఒకచోట కొట్టేస్తుంది, గోడకి ఉన్న దూరం ఏ తరంగానికైతే పావు వంతో అక్కడ. స్పీకర్ ముఖం నుంచి గోడకి అడుగు దూరం ఉంటే ఆ గుంట దాదాపు 280 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, రెండడుగులైతే 140, మూడడుగులు దాటితే 90 లోపలికి దిగిపోతుంది. 280, 140 అంటే మనిషి గొంతు ఉండే చోటు కదా, అక్కడ గుంట పడితే చెవి వెంటనే పట్టేస్తుంది. దూరం పెరిగేకొద్దీ గోడ ఇచ్చే బలం తగ్గి బేస్ సన్నబడుతుంది, కాబట్టి ఇష్టమొచ్చినంత లాక్కుంటూ పోవడం కూడా కుదరదు.

డబుల్ బేస్, పియానో, ఒక ఆడగొంతు, ఈ మూడే ఉన్న రికార్డింగ్ ఒకటి పెట్టుకుని ఒక్కో అంగుళం జరుపుతూ విన్నాను. రెండూ ఒకేసారి కాదు, ముందు ఎడమది ఒక్కటే మోగించి దాని చోటు చూసుకుని, తర్వాత కుడిది. ఒకసారి 27 అంగుళాల దగ్గర బాగుందనిపించి రెండు వారాలు వదిలేశాను. ఆ రెండు వారాలూ మగగొంతు ఎవరిది విన్నా ఛాతీ లేకుండా గొంతు పైభాగంతోనే పాడుతున్నట్టు ఉంది. ఎంత ఆలోచించినా కారణం తట్టలేదు, తర్వాత పక్క గోడకి దూరం కొలిస్తే అదీ 27 అంగుళాలే. రెండు గోడలూ ఒకేచోట, సుమారు 125 హెర్ట్జ్ దగ్గర, కలిసి కోసేస్తున్నాయి. ఇప్పుడు వెనక గోడకి 38, పక్క గోడకి 27, వూఫర్ నుంచి నేలకి 32 అంగుళాలు. ఏ రెండూ ఒకటి కాదు. నా అనుభవంలో స్పీకర్లు జరిపేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఏదైనా ఉంటే ఇదే.

రెండింటి మధ్య దూరం విషయానికొస్తే, స్టీరియోకి స్పీకర్లూ తలా కలిసి సమబాహు త్రిభుజం కావాలని, 60 డిగ్రీలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) సిఫార్సులో కూడా ఉంది. మా గదిలో అలా పెట్టాలంటే తొమ్మిదడుగుల ఎడం కావాలి, అప్పుడు ఒక్కో స్పీకర్ పక్క గోడకి అడుగు దూరంలోకి వెళ్లిపోతుంది. పెట్టి చూశాను, మధ్యలో పాడేవాళ్లు సన్నగా మారి, పియానో రెండు ముక్కలై చెరో గోడకీ అంటుకుపోయింది. ఆడియో కేబుళ్ల కంపెనీ పెట్టిన జార్జ్ కార్డాస్ లెక్క కూడా ప్రయత్నించాను, గది వెడల్పుని 0.276తో గుణిస్తే పక్క గోడకి దూరం, 0.447తో గుణిస్తే వెనక గోడకి దూరం. మాకు అవి మూడడుగులు, దాదాపు ఐదడుగులు. లోతు విషయంలో నేను విన్నవాటిలో అదే గొప్పది, వాయిద్యాలు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డట్టు స్పష్టంగా తెలిసేది, వెనక గోడ లేనే లేనట్టు ఉండేది. కానీ వెడల్పు తగ్గిపోయింది, పైగా గది నడుమ రెండు స్తంభాలు పాతినట్టయింది, అందరూ పక్కకి ఒదిగి నడవాల్సొచ్చేది. ఒక నెల ఉంచి తీసేశాను, ఇప్పటికీ రాత్రి ఒంటరిగా వినాలనిపించినప్పుడు అప్పుడప్పుడూ అక్కడికి లాక్కుంటాను. రోజువారీకి ఆరున్నర అడుగుల ఎడం కుదిరింది.

లోపలికి తిప్పడం, అదే టో-ఇన్, గురించి అందరూ మొదటే మాట్లాడతారు గానీ దాన్ని ఆఖరికి ఉంచండి. మిగతావి కుదరకుండా స్పీకర్ మొహం ఎటు తిప్పినా లాభం లేదు. నేరుగా ముందుకి పెడితే వెడల్పు బాగుంది గానీ మధ్యలో గొంతు పలచబడింది, నా చెవికే గురిపెడితే తాళాలు (సింబల్స్) చెవిలో గుచ్చుకున్నాయి. రెండు గీతలూ నా తల వెనక అడుగున్నర దూరంలో కలిసేలా తిప్పాక గొంతు ఒక మనిషి మొహం అంత పరిమాణానికి వచ్చి అక్కడే నిలబడింది.

ఇక్కడ కొలత చాలా పట్టింపుగా ఉండాలి. ఒకవైపు నుంచి వచ్చే శబ్దం పది ఇరవై మైక్రోసెకండ్లు ముందొచ్చినా మన చెవులు దాన్ని దిక్కుగా పట్టుకోగలవు, ఒక సెంటీమీటరు తేడా అంటేనే దాదాపు 29 మైక్రోసెకండ్లు. టేపు పట్టుకుంటే మధ్యలో వంగిపోతోందని నేను నూలు దారం వాడాను. కుర్చీలో తల ఉండే చోట ఒక కర్ర నిలబెట్టి, దారం దానికి కట్టి, ఎడమ ట్వీటర్ దాకా లాగి ముడేసి, అదే దారం కుడివైపు తిప్పితే ముడి ట్వీటర్‌కి వేలు మందం దూరంలో ఆగింది. కంటికి సమానంగానే ఉన్నాయనుకున్న స్పీకర్లు! ఆ వేలు మందం సరిచేశాక, ఎప్పుడూ కాస్త ఎడమకి ఒరిగి వినబడే గొంతు నడిమధ్యకి వచ్చింది.

పక్క గోడల మీద తగిలి వచ్చే శబ్దం కోసం అద్దం పద్ధతి. నేను కుర్చీలో కూర్చుంటే మా తమ్ముడు గోడ వెంట అద్దం జరుపుకుంటూ వెళ్లాడు. "ఇక్కడా అన్నయ్యా?" "ఇంకొంచెం ముందుకి... ఆ, ఆపు, ట్వీటర్ కనిపిస్తోంది, అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు." స్పీకర్ అద్దంలో కనబడిన చోటే శబ్దం గోడకి తగిలి నా దగ్గరకొస్తోంది. కుడివైపు ఆ చోటులో మందపాటి కర్టెన్ వేశాను, ఎడమవైపు అప్పటికే ఉన్న పుస్తకాల అరని అక్కడికి జరిపాను. నేల మీద స్పీకర్లకీ నాకూ మధ్య కార్పెట్ పరిచాను. తాళాల కరుకుదనం తగ్గింది, మాటలు తేటపడ్డాయి. వీటితో బేస్ మోత తగ్గుతుందని మాత్రం ఆశపడకండి, కర్టెన్లకీ పలచటి ఫోముకీ అది లొంగదు.

నాలుగో ఏడాదిలో ఒక కొలత మైకు కొని, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూసుకున్నాను. పాత సోఫా చోటులో 70 దగ్గర గీత చుట్టుపక్కల కంటే 11 డెసిబెల్స్ పైకి లేచింది, కుర్చీ చోటులో మూడు. చెవి ముందే చెప్పింది, కానీ తెర మీద ఆ కొండ కరిగిపోవడం చూస్తుంటే చాలా సంతోషమేసింది. మైకు ముందే కొని ఉంటే రెండేళ్లు కలిసొచ్చేవేమో, అయితే అంగుళం తేడా వినడం మాత్రం ఆ రెండేళ్లలోనే వచ్చింది.

ఒక హెచ్చరిక. కిందటేడు గది సర్దినప్పుడు వైర్లు ఊడదీసి మళ్లీ బిగించాక బేస్ సగానికి పడిపోయి, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా గదంతా పరుచుకుంది. మూడు రోజులు స్పీకర్ల చోటునే అనుమానించి గుర్తులన్నీ చెరుపుకునే దాకా వెళ్లాను. తీరా చూస్తే కుడి స్పీకర్ దగ్గర ఎరుపు, నలుపు వైర్లు తారుమారు చేశాను. ఏది జరిపే ముందైనా వెనక్కి వెళ్లి ఆ రెండు రంగులు చూడండి. ఇంకోటి, పోల్చేటప్పుడు వాల్యూమ్ నాబ్ ముట్టుకోకండి, కాస్త గట్టిగా వినబడేదే బాగున్నట్టు అనిపిస్తుంది.

నేల మీద ఇప్పుడు రెండు రంగుల మాస్కింగ్ టేపు గుర్తులున్నాయి. నీలం గుర్తులు స్పీకర్లు గోడ దగ్గర ఒదిగి ఉండేవి, ఇంట్లో జనం తిరిగేటప్పటికి. పసుపువి వినేటప్పటికి. స్టాండ్ ముందు రెండు కాళ్లు గుర్తు మూలకి తాకిస్తే కోణం కూడా దానంతటదే కుదురుతుంది, అర నిమిషం పని. ఆ గుర్తులు లేకపోతే నేను ఈపాటికి విసుగెత్తి గోడ దగ్గరే వదిలేసేవాణ్ణి.

ఇంకా కుదరనిది ఒకటుంది. 50 హెర్ట్జ్ చుట్టూ కొంచెం బోలుగా ఉంటుంది, గది వెడల్పులో సగం పట్టే తరంగం సరిగ్గా నడిమధ్య చచ్చిపోతుంది, నేను కూర్చునేది అక్కడే. కుర్చీని అరడుగు పక్కకి జరిపితే అది నిండుతుంది, గొంతు మాత్రం ఆ వైపు స్పీకర్‌లోకి వెళ్లిపోతుంది. గొంతుకే ఓటేసి మధ్యలోనే కూర్చుంటున్నాను. సోఫా పక్కన చిన్న సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే స్పీకర్) ఒకటి అరువు తెచ్చి పెట్టాను ఈ వారమే, దానికి నేల మీద తెల్ల టేపు అతికించాను, ఇప్పటికి నాలుగు చోట్ల.