10×50 బైనాక్యులర్ రివ్యూ: చుక్కల కోసం కాదు, చుక్కల మధ్య మసి కోసం

శని వలయాలు చూద్దామని కొనేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి, ఇందులో కనపడవు, దానికి టెలిస్కోప్ ఉండాల్సిందే. నేను తీసుకున్నది ఐదు వేల లోపు ఆన్‌లైన్‌లో దొరికే మామూలు 10×50 (అంటే పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు లెన్స్ 50 మిల్లీమీటర్లు). బ్రాండ్ చెప్పను, చెప్పినా లాభం లేదు, అదే సరుకు మూడు నాలుగు పేర్లతో తిరుగుతోంది. నాకు కావాల్సింది పాలపుంతలో నల్లమచ్చలు, ఆ పనికి మాత్రం ఈ రేటులో ఇంతకంటే మంచిది నాకు తగల్లేదు.

నల్లమచ్చలంటే అక్కడ చుక్కలు లేక కాదండీ, ఉన్నవాటికి అడ్డంగా ధూళి ఉంది. 18వ శతాబ్దంలో హెర్షెల్ అంతటి ఖగోళ శాస్త్రవేత్త వాటిని ఆకాశంలో బొక్కలనుకున్నాడు. తర్వాత బర్నార్డ్ ఓపిగ్గా ఫొటోలు తీసి 1919లో 182 మచ్చల లిస్టు వేశాడు, 1930లో ట్రంప్లర్ అయితే నక్షత్ర గుచ్ఛాల దూరాలు లెక్కేసి, మచ్చలు లేని చోట కూడా ఈ ధూళి పల్చగా పరుచుకుని వెలుగు తినేస్తోందని తేల్చాడు. అందులో ఇసుక జాతి సిలికేట్ రేణువులు కొన్ని, మసి జాతి కార్బన్ రేణువులు కొన్ని. సైజు చాలావరకు మిల్లీమీటర్‌లో పదివేలో వంతు, అంతకన్నా చిన్నవీ బోలెడు. ఆ సైజు వల్ల నీలం వెలుగు ఎక్కువ చెదిరిపోయి ఎరుపు కాస్త ఎక్కువ దాటుకొస్తుంది, దీపావళి రాత్రి టపాసుల పొగలోంచి చంద్రుణ్ణి చూస్తే ఎర్రగా ఉంటాడే, అదే లెక్క.

సరే సరుకు సంగతి. దీపావళికి గిద్దలూరు వైపు మా ఊరెళ్ళినప్పుడు పండగ ముందురోజే మిద్దెక్కా (పండగ రోజు పొగకి ఏం కనపడి చావదు). శ్రవణా నక్షత్రం తెలుసుగా, వరసగా మూడు చుక్కలు, మధ్యది బాగా వెలుగుతుంది. ఆ మూడింట్లో ఉత్తరం వైపు దాన్ని తారాజెడ్ అంటారు, బైనాక్యులర్‌లో దాన్ని పెట్టుకుని కొంచెం పడమరకి జరిపితే ఇసక పోసినట్టున్న చుక్కల మధ్యలో ఇంగ్లీషు ‘E’ అక్షరం ఆకారంలో నల్లటి మచ్చ, దాదాపు నిండు చంద్రుడంత. బర్నార్డ్ లిస్టులో 142, 143 నంబర్లు అవే. మొదట ఏమీ తెలీదు, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంట ఇవ్వాలి, ఈలోపు ఫోన్ తీశారా మళ్ళీ మొదటికి. హైదరాబాద్ మేడ మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి, అక్కడ పాలపుంతే దిక్కులేదు.

అదే రాత్రి ఇంకాసేపు ఆగితే ఆ మసి తయారయ్యే చోటు కూడా చూడొచ్చు. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర కలిసి పెద్ద చదరం కడతాయి కదా, దానికి దక్షిణంగా చిన్న చుక్కల గుండ్రం ఉంటుంది, అందులో టీఎక్స్ పిసియం అనేది కార్బన్ నక్షత్రం, పక్క చుక్కల మధ్య నారింజ ఎరుపులో భలే తేడాగా కొడుతుంది. ముసలైపోయిన ఇలాంటి నక్షత్రాలే పై పొరలు ఊదేస్తూ కార్బన్‌ని మసిగా బయటికి తోలుతుంటాయి. వేసవిలో అయితే ఉత్తర కిరీటం అనే నక్షత్రరాశిలో ఆర్ కరోనే బొరియాలిస్ అని ఒకటుంది, దాని మసి దానికే అడ్డమొస్తుంది, మామూలుగా 6వ మాగ్నిట్యూడ్ (ఉత్త కంటికి కనీకనపడనంత వెలుగు) దగ్గర ఉండి ఈ బైనాక్యులర్‌కి హాయిగా అందేది, 2007లో వెలుగు పడిపోయి ఏళ్ళ తరబడి లేవలేదు.

పాలపుంత కేంద్రం మాత్రం ఎంత పెట్టి కొన్నా కనపడదు, మధ్యలో ఈ ధూళి అడ్డం, అటునుంచి బయల్దేరిన కంటికి కనపడే వెలుగులో మనదాకా వచ్చేది లక్ష కోట్లలో ఒక వంతు. అలాగే కార్బన్ వేసే అసలు ముద్ర, అంటే ధూళి వెలుగుని మరీ ఎక్కువ తినేసే చోటు, కంటికి కనపడని అల్ట్రావయొలెట్‌లో 217.5 నానోమీటర్ల దగ్గరుంది, 1965లో రాకెట్ పంపి పట్టుకున్నారు. గ్రాఫైట్ ఉండొచ్చని హాయిల్, విక్రమసింఘే అనే శాస్త్రవేత్తలు 1962లోనే అన్నారు, కానీ ఆ ముద్ర వేసేది కచ్చితంగా ఏ రూపంలో ఉన్న కార్బనో ఇప్పటికీ గొడవే. 2023లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ డేటాలో, విశ్వానికి వంద కోట్ల ఏళ్ళు కూడా నిండని కాలం నాటి గెలాక్సీలో ఈ ముద్రే దొరికింది, అంత తొందరగా అంత మసి ఎవరు పోశారో!

ఇక మైనస్‌లు. చేతుల్లో వణుకుతుంది, ట్రైపాడ్‌కి తగిలించే అడాప్టర్ విడిగా కొనాలి, అది లేకపోతే ఆ ‘E’ మచ్చ పట్టుకోవడం కష్టం. కుడి కంటి ఫోకస్ రింగ్ లూజు, మెడలో వేసుకుని తిరిగితే జారిపోతోంది, చిన్న టేపు ముక్క అంటించా. వచ్చిన మొదటి పీస్‌లో ప్రతి చుక్కా రెండుగా కనపడితే వాపస్ చేశా, సెల్లర్ మొదట మీ కళ్ళు చూపించుకోండి సార్ అన్నాడు, వీడియో పంపాక మార్చాడు. కాబట్టి రాగానే రిటర్న్ గడువులోపే ఏదో ఒక చుక్క మీద చెక్ చేసుకోండి. లెన్స్ ఎర్రగా మెరిసేవి, జూమ్ అని రాసుండేవి మాత్రం ఫ్రీగా ఇచ్చినా వద్దు, ఉన్న కాస్త వెలుగూ అవే మింగేస్తాయి. ఐదుకి నాలుగు, ఆ ఒకటి రింగ్‌కి కోత.