మా ఊరి క్రీడా ప్రాంగణం: ఫిర్యాదంతా నేల గురించే

క్రీడా ప్రాంగణంలో ఏమేం ఉంటాయో తెలంగాణ పల్లెల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఊరికో ఆటస్థలం కట్టాలని 2022 జూన్ 2న మొదలైన పథకం. ఊరూరా అదే బోర్డు, అవే వ్యాయామ బార్లు, అదే వాలీబాల్ కోర్టు. ఇన్నాళ్లు వాడాక నా కోపమంతా ఒక్క నేల మీదే. కోర్టు పరిచినవాళ్లు వాన నీళ్లు ఎటు నుంచి వస్తాయో, ఎటు పోతాయో చూడలేదు. మిగతా లోపాలన్నీ సర్దుకుపోవచ్చు. దీనితో మాత్రం జూన్ నుంచి అక్టోబర్ దాకా ఆట బందు.

కోపం ఎందుకంటే, ఈ చోట గట్టి నేల చేయడం ఊరికి కొత్త కాదు. బంచరాయి (పశువులు మేసే ఊరుమ్మడి నేల) అంచున ఉన్న ఈ జాగా ఒకప్పుడు కళ్లం. కోతలు మొదలయ్యే ముందు గడ్డి చెక్కి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, రాతి గుండు దొర్లించి, పేడతో అలికేవాళ్లు. గింజ మట్టిలో కలవకూడదు కాబట్టి నేల అంత బిగువుగా ఉండేది. వరికోత మిషన్లు వచ్చాక కళ్లంతో పని లేకుండా పోయింది. తుమ్మలు మొలిచాయి, కొంత జాగా ఆక్రమణలో పోయింది. మిగిలిందే ప్రాంగణం అయింది. ఎకరం ఉండాలన్నది లెక్క, మాకు అంతకు తక్కువే వచ్చింది.

పని ఉపాధి హామీ కింద జరిగింది. అప్పుడు అమల్లో ఉన్న 2005 నాటి ఆ చట్టంలో రెండు సంగతులు ఆటస్థలానికి బాగా తగిలాయి. ఖర్చులో కనీసం 60 శాతం కూలికే పోవాలని, సామగ్రికి 40 శాతానికి మించకూడదని ఉండేది. ఇంకొకటి, గడ్డి పీకడం, రాళ్లు ఏరడం లాంటి కొలతకు అందని, మళ్లీ మళ్లీ చేసే పనులు చేపట్టకూడదని చట్టం షెడ్యూల్లోనే రాసి ఉండేది. ఆటస్థలం నిర్వహణ అంటే ముప్పాతిక వంతు ఆ గడ్డి, రాళ్ల పనులే. కట్టడానికి దారి దొరికింది, కాపాడే పని మాత్రం పంచాయతీ ట్రాక్టర్ మీద, పంచాయతీలో అన్ని పనులూ చేసే మల్టీపర్పస్ వర్కర్ల తీరిక మీద పడింది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా సర్పంచులే లేరు. కలుపు ఎక్కువగా ముదిరింది ఆ రోజుల్లోనే.

మొదటి వానాకాలంలోనే కోర్టు పోయింది. ఉన్న నేలను పైపైన గీకి, మూడంగుళాల మొరం పోసి చదును చేశారు. పక్కన సీసీ రోడ్డు పాత రోడ్డు మీదే మళ్లీ వేయడంతో జానెడు ఎత్తు పెరిగి ఉంది. రోడ్డు మీద పడ్డ నీళ్లన్నీ కోర్టులోకే దిగాయి. అడుగున మట్టి మెత్తబడి, మొరం రాళ్లు కిందికి కూరుకుపోయి, బురద పైకొచ్చింది. ఆరాక చూస్తే సర్వీసు చేసే చోట గుంటలు, నెట్ దగ్గర పదునైన గులకలు. అలాంటి చోట్ల మళ్లీ మొరం పోసి సరిపెడుతుంటారు. అది దండగ. అడుగు తడిగా ఉన్నంత కాలం ఎంత పోసినా మింగేస్తుంది.

కుదిరిన మరమ్మతు ఇది. ముందు రోడ్డు వైపు కాలువ: అడుగున్నర వెడల్పు, అడుగు లోతు, నీళ్లు కోర్టు చుట్టూ తిరిగి పల్లానికి పోయేలా. సగం రోగం దీంతోనే తగ్గింది. తర్వాత కోర్టు. గీతల లోపల 18 మీటర్లు, 9 మీటర్లు. చుట్టూ 3 మీటర్ల ఖాళీ కలిపితే 24, 15. అంటే 360 చదరపు మీటర్లు. బురద పొర తీసేసి, అడుగు నేలకే వాలు పెట్టి, దాని మీద నాలుగంగుళాలు బిగిసేలా కొత్త మట్టి వేయాలి. వదులు మట్టి దిమ్మిసకు అణిగిపోతుంది కనుక 45 ఘనపు మీటర్ల దాకా తోలాలి. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాలీతో 16 ట్రిప్పులు.

వాలు విషయంలో చాలామంది పొరపడేది ఒకటుంది. ఆరుబయటి కోర్టుకు మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు వాలీబాల్ నిబంధనలే ఒప్పుకుంటాయి. కానీ కోర్టు పొడవునా మధ్యలో ఎత్తు పెట్టి రెండు పక్కలకు వాలు ఇస్తే, 4.5 మీటర్ల దూరంలోని పక్క గీత రెండు సెంటీమీటర్లకు పైగా కిందికి పోతుంది. అక్కడ నెట్ ఎత్తు మధ్యలో కంటే 2 సెంటీమీటర్లకు మించి పెరగకూడదు కాబట్టి కొలత తప్పుతుంది. అందుకే ఎత్తు నెట్ కింద అడ్డంగా ఉండాలి, వాలు వెనక గీతల వైపు పోవాలి. నెట్ నుంచి వెనక ఖాళీ చివరిదాకా 12 మీటర్లకు 6 సెంటీమీటర్లు. మట్టం చూడటానికి మేస్త్రీల దగ్గరుండే నీళ్ల పైపుతో, మేకులు కొట్టి దారం లాగితే తేలిగ్గా తేలుతుంది. కంటితో చూసి చేస్తే తేలదు.

మట్టి పాళ్లు మాకు కుదిరినవి: జల్లించిన మొరం రెండు వంతులు, ఎర్రమన్ను ఒకటి. పై అంగుళంలో మొరం అస్సలు వద్దు. ఎర్రమన్నులో కాస్త ఇసుక చాలు. మట్టి ఎంచుకునే ముందు గాజు సీసాలో సగం దాకా పోసి, నీళ్లు నింపి కుదిపి పెట్టండి. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రుకు గంటలు పడుతుంది, మర్నాటికీ నీళ్లు ఎర్రగానే ఉంటే అది బంక. బంక మరీ తక్కువైతే కోర్టు పొడిపొడిగా రాలుతుంది, మరీ ఎక్కువైతే ఎండకు పగులుతుంది. దిమ్మిస కొట్టే వేళ తడి ముఖ్యం: పిడికిట పడితే ముద్ద కావాలి, అరచేతికి తేమ అంటకూడదు. రెండు పొరలుగా వేసి, ఒక్కో పొరను అంచుల నుంచి మధ్యకు రోలర్ తిప్పాలి. ఒకేసారి నాలుగంగుళాలు పోసి తిప్పితే పైన పెంకు గట్టిపడుతుంది, లోపల వదులుగానే ఉంటుంది.

పేడ అలుకు గురించి మొదట్లో చాలా గొప్పగా చెప్పేవాణ్ని. వాలీబాల్ వరకు ఇప్పటికీ మంచిదే. దుమ్ము లేవదు, చిన్న బీటలు మూసుకుపోతాయి. కబడ్డీ కోర్టుకు మాత్రం వద్దంటాను. మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోయే ఆట అది, పేడలో ధనుర్వాతం కలిగించే క్రిములు ఉండవచ్చు. అక్కడ ఉత్త ఎర్రమన్ను, సాయంత్రం నీళ్లు, అంతే. గీతలకు సున్నం కూడా అంతే, కళ్లలో పడితే ప్రమాదం. ముగ్గుపిండి వాడండి. గీత వెడల్పు 5 సెంటీమీటర్లు.

నెట్ కట్టే స్తంభాలు గట్టివని మొదట్లో మెచ్చుకున్నాను. పైపు గట్టిదే, పాతిన లోతే చాలలేదు. నెట్ బిగించి లాగినప్పుడల్లా కొద్దికొద్దిగా లోపలికి వంగి, మధ్యలో నెట్ జారుతోంది. నేల పైన 2.55 మీటర్లు కావాలి. నేల లోపల కనీసం రెండున్నర అడుగులు, 1:2:4 పాళ్ల (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటుతో. కాంక్రీటు పైభాగం పైపు చుట్టూ కాస్త ఎత్తుగా, బయటికి వాలుగా ఉండాలి. వ్యాయామ బార్లకు తుప్పు పట్టేది కూడా అక్కడే, నీళ్లు నిలిచే ఆ వేలెడు మేర. మిగతా పైపు తళతళలాడుతున్నా అక్కడ గోటితో గీకితే పెచ్చులు ఊడతాయి. పిల్లలు వేలాడే బార్లను ఏటా అక్కడే చూడాలి.

లాంగ్ జంప్ గుంత సంగతి ఒక్క మాటలో: ఇసుకను పారతో అడుగు లోతు తిరగేయకుండా దూకనివ్వకండి. వాన పడి ఆరిన ఇసుక గట్టిగా బిగుస్తుంది, చీలమండలు బెణుకుతాయి.

కలుపులో వయ్యారిభామను అందరూ గుర్తుపడతారు. పూత రాకముందే చేతికి తొడుగులు వేసుకుని వేర్లతో పీకేస్తే సరి. అసలు శత్రువు పల్లేరు. నేలకు అంటుకుని పాకుతుంది, చిన్న పసుపు పువ్వు, చూడ్డానికి అమాయకం. కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది, ముక్క ముక్కకూ కొమ్ముల్లాంటి ముళ్లు, ముక్క ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. చెప్పుల్లేని కాలికి అదే దిగేది. తీగ పీకేసినా రాలిన కాయలు ఉంటాయి, ఆ గింజలు ఏళ్ల తరబడి బతుకుతాయి. తడిపిన గోనె సంచులు రెండు మూడు కుట్టి, మీద ఇటుకలు పెట్టి కోర్టంతా ఈడిస్తే ముళ్లు సంచికి గుచ్చుకుని వచ్చేస్తాయి. ఆ సంచిని అక్కడే దులపకూడదు, కాల్చేయాలి. మృగశిర కార్తెకు ముందొకసారి కాలువ పూడిక తీసి, తొలి వానల తర్వాత వారానికోసారి కలుపు చూస్తే చాలు. నెల వదిలేస్తే కాయ కాసేస్తుంది.

వడ్ల గొడవ మాత్రం తీరలేదు. యాసంగి వడ్లు ఆరబోయడానికి ఊళ్లో ఇంకో చదును జాగా లేదు, రైతును వద్దనే మనసు నాకు లేదు. కోర్టు మీద టార్పాలిన్ పట్టాలు పరిచి ఆరబోసుకుంటే నేలకు ఏమీ కాదు. చెడగొట్టేది తడి నేల మీదికి వచ్చే లారీలు, ట్రాక్టర్లు. ఒక్క చక్రపు గాడి చాలు, ఆ ఏడు నీళ్లు అందులోనే నిలుస్తాయి. కోర్టుకు రెండు వైపులా రాళ్లు పాతి బండ్లు రాకుండా ఆపాక కొంత నయం.

ఇంతకీ ప్రాంగణం బాగుందా అంటే, మాకు బాగుంది. బడి పక్కనే ఉంది, వాలీబాల్ ఆడే కుర్రాళ్లు ఎప్పుడూ ఉంటారు, నేల ఎర్రచెలక. ఊరికి దూరంగా చెరువు శిఖంలో (చెరువు నిండితే మునిగే నేలలో) కట్టినచోట ఇవేవీ పనిచేయకపోవచ్చు; మనుషులు తిరగని నేలను కలుపు వదలదు. నల్లరేగడి ఊళ్లలో నాలుగంగుళాలు చాలవు, అడుగు లోతు తీసి నింపాలి, ట్రిప్పులు మూడింతలవుతాయి. పంచాయతీ దగ్గర అంత డబ్బు లేకపోతే ముందు కాలువ ఒక్కటే తవ్వించండి. ఒక వానాకాలం చూసి, నీళ్లు నిలిచే చోట్ల మేకులు పాతి గుర్తు పెట్టుకుని, కోర్టు పని తర్వాత ఎత్తుకోండి.