మూడు లక్షలు దాటిన పికప్‌లో ఇంజెక్టర్లు: నేను మొక్కేది ఫిల్టర్ కింది స్క్రూకే

డీజిల్ ఫిల్టర్ కింద ఒక చిన్న స్క్రూ ఉంటది. నీళ్లు వదిలేటందుకు పెట్టిన స్క్రూ. బండి కొనేటప్పుడు దాని ముచ్చట ఎవ్వరూ తియ్యరు. లోడు ఎంత మోస్తది, మైలేజీ ఎంత, కిస్తీ ఎంత, ఇవే మాటలు. నా పికప్ మీటరు మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. ఇప్పుడు ఈ బండిలో నీకు బాగా నచ్చిన సామాను ఏందని ఎవరన్నా అడిగితే ఆ స్క్రూనే అని చెప్త. అది ఒక్కటి సరిగ్గ చూసుకుంటే, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల గురించి సగం రంది తీరిపోయినట్టే.

బండి వివరాలు మామూలువే. నాలుగు సిలిండర్ల కామన్ రైల్, అంటే పంపు డీజిల్‌ను పెద్ద ప్రెషర్ మీద ఒకే గొట్టంలో (అదే రైలు) నింపితే అక్కడి నుంచి అన్ని ఇంజెక్టర్లకు పోతది. పొగ నియమాల్లో బీఎస్-4 కాలం నాటిది, కరెంటు అయస్కాంతంతో తెరుచుకునే సోలినాయిడ్ ఇంజెక్టర్లు. సీజన్‌లో నల్లగొండ చుట్టుపక్కల తోటల నుంచి బత్తాయి హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు తోలుత. కాయ లేనప్పుడు మిర్యాలగూడ మిల్లుల బియ్యం, దేవరకొండ దిక్కు ఎరువు బస్తాలు. ఖాళీగ తిరిగేది తక్కువ.

నీళ్లంటే ఎందుకు ఇంత భయమో చెప్త. ఇంజెక్టర్ లోపల సూదికీ దాని గూటికీ నడుమ సందు రెండు మూడు మైక్రాన్లే. మనిషి వెంట్రుక మందమే దాదాపు డెబ్బై మైక్రాన్లు ఉంటది. అంత సన్నని సందులో, 1600 బార్ దాకా ప్రెషర్ మీద, ఆ సూది నిమిషానికి వందల సార్లు లేచి కూసుంటది. దానికి వేరే ఆయిల్ ఏమీ లేదు, డీజిలే దానికి జారుడు. అందులో నీళ్లు కలిస్తే జారుడు పోతది, తుప్పు పడతది, నాజిల్ కొసన సూది కూసునే సీటు గుంతలు పడతది. పత్తికి మందు కొట్టే స్ప్రేయర్ నాజిల్ అరిగితే మంచులెక్క రావాల్సింది చుక్కలు చుక్కలుగ కారతది కదా, లోపల జరిగేదీ గదే. కారిన డీజిల్ సరిగ్గ కాలదు. పొగ వస్తది, కొట్టుడు సప్పుడు వస్తది. అట్లనే నడిపితే పిస్టన్ తలకాయ కరిగి ఇంజన్‌కే చేటు.

అందుకే వానాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి, పొద్దున బండి తియ్యకముందు ఒక గాజు సీసా పట్టుకొని ఫిల్టర్ కింద కూసుంట. రాత్రంతా బండి కదలకుండ ఉంటే నీళ్లు అడుగుకు దిగి ఉంటయి. స్క్రూ రెండు చుట్లు వదిలి, పైన చేతి పంపు నాలుగుసార్లు నొక్కితే సీసాలోకి దిగుతది. కాసేపు ఆగి వెలుతురుకు పెట్టి చూస్తే అడుగున నీళ్లు, పైన డీజిల్, నడుమ గీత గీసినట్టు తెలుస్తది. మామూలుగ అయితే ఒకటి రెండు చెంచాల నీళ్లు. చలికాలంలో కొంచెం ఎక్కువ, ఎందుకంటే సగం ఖాళీ ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ నీరై దిగుతది. అందుకే నేను డీజిల్ సాయంత్రం పూటనే కొట్టిస్త.

అసలు సంగతి ఒక వానాకాలం జరిగింది.

ముసురు పట్టి రెండు రోజులు. తోట నుంచి వచ్చేటప్పుడు దారిలో ఉన్న బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించిన. రాత్రి బత్తాయి ఎక్కించుకొని, మార్కెట్ వేలం టైముకు అందాలని తెల్లారకముందే బయల్దేరిన. నార్కట్‌పల్లి దాకా ఏమీ తెల్వలేదు. చిట్యాల దాటినంక ఎక్కుడు రోడ్డు మీద పికప్ పడిపోయింది. మూడో గేరుకు దింపినా లాగుతలేదు. తర్వాత మిస్సింగ్ మొదలైంది, కొట్టుడు సప్పుడు, వెనక తెల్లపొగ. చెక్ లైటు వెలిగింది. ఫిల్టర్‌లో నీళ్లున్నయని చెప్పే లైటు మాత్రం అప్పుడు గాని మినుక్కుమనలేదు. పంతంగి టోల్‌గేట్ ఇంకా రాకముందే పక్కకు ఆపి ఇంజన్ బంద్ చేసిన. మళ్ల సెల్ఫ్ కొట్టలేదు. కొట్టినకొద్దీ లోపలికి నీళ్లే పోతయి.

స్క్రూ వదిలి సీసా పెట్టిన. సీసా నిండింది, గీత లేదు. అంతా నీళ్లే, మబ్బు రంగులో. సీసా పారబోసి మళ్ల పెట్టిన, మళ్ల నిండింది. సెల్‌ఫోన్ లైటు వెలుతుర్ల ఆ సీసా చూస్తుంటే నా కాళ్లు చల్లబడ్డయి. ఒక్క కొత్త ఇంజెక్టర్ ధరే ఐదంకెలల్ల ఉంటది. నాలుగు పోతే ఆ సీజన్ సంపాదన మొత్తం అందులోకే.

కాయను వేరే బండికి మార్చి పంపిన. దగ్గర్లో దొరికిన మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి చూసి, "నాలుగు ఇంజెక్టర్లు పోయినయన్నా, పంపు కూడ పోయుంటది. అన్నీ కొత్తవి ఎయ్యాల్సిందే" అన్నడు. ఒక్క పైపు కూడ ఇప్పలేదు, స్కానర్ పెట్టలేదు. నాకు ఆ మాట కడుపుల దిగలేదు. బండిని గుంజించుకొని ఆటోనగర్‌లో పంపు-నాజిల్ పని మాత్రమే చేసే ఒక షాపుకు తీసుకపోయిన.

ఆ షాపు పెద్దమనిషి ముందు ఇంజెక్టర్లను ముట్టుకోలేదు. ట్యాంకు దింపి కడిగించిండు, లైన్లు ఊదించిండు, కొత్త ఫిల్టర్ వేయించిండు. పంపు మీద ఉన్న, డీజిల్ కొలిచి వదిలే మీటరింగ్ వాల్వ్ ఇప్పి దాని జాలీని తెల్ల గుడ్డ మీద దులిపి చూసిండు. "ఇనుప రజను ఉంటే కథ వేరే ఉండేది తమ్మీ. పంపు అరిగిన రజను రైలుకు, పైపులకు, అన్ని ఇంజెక్టర్లకు పోతది. ఇందులో లేదు, నీ నసీబు మంచిది" అన్నడు. గుడ్డ తెల్లగనే ఉంది.

తర్వాత చేసిన పరీక్షనే నేను ప్రతి పికప్ ఓనరుకు చెప్పేది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు ఊడబీకి, నాలుగు ఒకే తీరు సీసాలు పెట్టి, బండి స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచిండు. బాగున్న ఇంజెక్టర్ కొంచెమే వెనక్కి వదులుతది, అరిగింది ఎక్కువ వదులుతది. "నా మాట నమ్మకు, సీసాలను చూడు" అన్నడు. మూడు సీసాల్లో డీజిల్ దాదాపు ఒకే మట్టానికి ఉంది. మూడో సిలిండర్ సీసా మాత్రం వాటికి మూడింతలైనా ఉంటది. పోయింది ఒక్కటే!

మిగతా మూడు ఎట్ల బతికినయని అడిగిన. "ఫిల్టర్ గిన్నె ముందుగాల ఖాళీగ ఉంది, అందుకే నీళ్లు వచ్చినప్పుడు ఆగేటందుకు జాగ దొరికింది. కొందరి బండ్లు వస్తయి, గిన్నె పాత నీళ్లతోనే నిండి ఉంటది. ఇంక కొత్త నీళ్లు యాడ ఆగుతయి?" అన్నడు. ఆ రోజు నుంచి ఆ స్క్రూ అంటే నాకు భక్తి.

పోయిన ఇంజెక్టర్ ఇప్పి చూపించిండు. భూతద్దంలో చూస్తే నాజిల్ సీటు మీద మచ్చలు, కంట్రోల్ వాల్వ్ బంతి కూసునే చోట కోత. రెండూ కొత్తవి వేసి, బెంచి మీద ఐడిల్‌కు ఎంత, ఫుల్ లోడుకు ఎంత పోస్తుందో కొలిచి, ఆ కాగితం నా చేతిలో పెట్టిండు. బిగించినంక ఆ ఇంజెక్టర్ కొత్త కోడ్‌ను స్కానర్‌తో ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ)లో ఎక్కించిండు. ఇది చేయకుండ బిగించి ఇచ్చేటోళ్లు ఉన్నరు, తర్వాత ఐడిల్ వణుకుతదని జనం మళ్ల తిరుగుతరు. రాగి వాషర్ కూడ పాతది వేయనియ్యకండి. పాత వాషర్ సందులోంచి గ్యాస్ లీకై తారు లెక్క మసి పేరుకుంటది, అప్పుడు ఇంజెక్టర్‌ను హెడ్‌లోంచి పీకుడే పెద్ద యుద్ధమైతది.

బంకుకు సీసా పట్టుకొని పోయిన. "అందరికీ అదే పోసినం, నీ ఒక్కనికే ఎట్ల వస్తది" అన్నరు. పైసా రాలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది. బంకు ట్యాంకులో నీళ్లున్నయా అని చూసేటందుకు గేజు కడ్డీకి పూసే పేస్టు వాళ్ల దగ్గరే ఉంటది, నీళ్లు తగిలితే రంగు మారతది. ముసురు పట్టిన రోజుల్లో ఇప్పుడు నేను అది చూపించమని అడుగుత. చూపించని బంకులో పోయించుకోను.

స్క్రూను ఇంత పొగిడిన గాని, దానితోనే అన్నీ అయిపోతయని అనుకోకండి. నీళ్లు డీజిల్‌లో బాగ చిలికి కలిసిపోయి వస్తే ఫిల్టర్ అంతా వడగట్టలేదు. లైటును కూడ నమ్మి కూసోలేం. నీటి మట్టం సెన్సార్ దాకా వస్తేనే అది వెలుగుతది. ఇంకొకటి, మాటిమాటికి తిప్పుతుంటే ఆ స్క్రూ రబ్బరు రింగు గట్టిపడతది. ఒక చలికాలం నా బండి పొద్దున సెల్ఫ్ చాలాసేపు తీసుకుంది. ఇంజెక్టర్లు మళ్ల పోయినయనే చెప్పిండ్రు చాలామంది. చూస్తే ఆ రింగు సందు నుంచి గాలి గుంజుతుంది. డీజిల్ బయటికి కారదు గనుక కంటికి కనపడదు. రింగు మార్చిన, పోయింది. అదే ఫిల్టర్ అయితే డూప్లికేట్ బాక్సులు బజార్లో మస్తున్నయి, హాలోగ్రామ్ చూసి, బిల్లు తీసుకొని కొంట. మార్చేది పుస్తకంలో రాసిన కిలోమీటర్లలో సగానికే.

ఇంజెక్టర్ క్లీనర్ సీసాల గురించి చానామంది అడుగుతరు. నేను పోసి చూసిన. నాజిల్ మీద మసి పట్టిన దశలో ఐడిల్ కొంచెం మెత్తబడ్డది, అంతే. అరిగిన సీటును ఏ సీసా బాగుచెయ్యదు. ఇంక కిరోసిన్ కలిపేటోళ్లకు దండం. అది డీజిల్ జారుడును చంపుతది, ముందు పంపు, తర్వాత ఇంజెక్టర్లు. 2020 నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో సల్ఫర్ 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50) నుంచి 10కి తగ్గింది, దానితోపాటు జారుడు కూడ పోయింది కాబట్టి పాత బండ్ల పంపులు పోతయని ఒక మాట తిరుగుతది. జారుడు ఇంత ఉండాలని హద్దు ఆ డీజిల్ ప్రమాణంలోనే పెట్టిండ్రు. నా బండికైతే ఆ డీజిల్‌తో ఏ తేడా రాలేదు.

ఒక్క మాట గట్టిగ చెప్త. పాత లారీల మీద పని నేర్చిన కొందరు బండి నడుస్తుండంగనే ఇంజెక్టర్ పైపు నట్టు వదిలి ఏ సిలిండర్ మిస్సవుతుందో చూస్తరు. కామన్ రైల్ మీద అది చేయనియ్యకండి. ఆ ప్రెషర్‌కు డీజిల్ తోలు చీల్చుకొని లోపలికి పోతది, చెయ్యే తీసెయ్యాల్సి రావొచ్చు. సీసాల పరీక్ష ఉండంగ ఆ తెగింపు ఎందుకు?

రిపేరు చేసిన ఇంజెక్టర్ మంచిదా, కొత్తదా అంటే నా లెక్క నాది. నేను తిరిగేది ఎక్కువగ నల్లగొండ, హైదరాబాద్ నడుమ, పని తెలిసిన షాపు దారిలోనే ఉంది, బండి కిస్తీలు అయిపోయినయి. అందుకే రిపేరుదే నాకు కుదిరింది. నాగపూర్, బెంగళూరు లైన్ల తిరిగేటోళ్లు, నడుమ ఆగితే దిక్కు లేనోళ్లు కొత్తదే వేసుకుంటే తప్పనను. పైజో ఇంజెక్టర్లు (అయస్కాంతం బదులు కరెంటుకు సాగే స్ఫటికంతో పనిచేసేవి) ఉన్న బండ్లకు, కొత్త బీఎస్-6 బండ్లకు నా అనుభవం పనికిరాదు, అవి నేను తోలలేదు.

మొన్న బత్తాయి సీజన్‌కు ముందు మళ్ల సీసాల పరీక్ష చేయించిన. రిపేరు చేసిన మూడోది బాగనే ఉంది. ఒకటో సిలిండర్‌ది మాత్రం మిగతావాటికన్నా కొంచెం ఎక్కువ వదులుతుంది. ఇంకా హద్దులోనే ఉందన్నడు పెద్దమనిషి. ఈ సీజన్ లాగి, కాయ అయిపోయినంక దాన్ని కూడ బెంచి మీదికి ఎక్కిస్త.