విజయవాడ స్టేషన్‌లో లైటు బోర్డు: ఒక లాడ్జి ఓనరు లెక్క

గాంధీనగర్‌లో మాకో చిన్న లాడ్జి ఉంది. 2016లో కృష్ణా పుష్కరాలప్పుడు విజయవాడ స్టేషన్‌లో లైటు బోర్డు తీసుకున్నాం. కరోనా కాలం తప్పిస్తే ఇప్పటికీ ప్రకటన నడుస్తూనే ఉంది. ఈ మధ్యలో బోర్డులు మార్చాం, ఏజెన్సీలు మారాయి, కొన్నాళ్లు డిజిటల్ స్క్రీన్ కూడా చూశాం. డబ్బు పెట్టొచ్చా అని తెలిసిన వ్యాపారులు తరచూ అడుగుతుంటారు. పెట్టొచ్చు, కానీ బోర్డు ఎక్కడుందో చూసుకుని పెట్టాలి.

స్టేషన్‌లో ప్రకటనల హక్కును డివిజన్ కమర్షియల్ విభాగం వేలం వేస్తుంది. పాడుకున్న ఏజెన్సీ దగ్గర మనం బోర్డు అద్దెకు తీసుకుంటాం. అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఫ్లెక్స్ ప్రింటింగుకీ, బిగింపుకీ వేరే ఇచ్చుకోవాలి. కొటేషన్‌లో పెద్దక్షరాలతో కనిపించే అంకెలో ఇవేవీ ఉండవు.

ఏజెన్సీ వాళ్లు వచ్చి కూర్చోగానే జనం లెక్క ఎత్తుకుంటారు. జనానికేం తక్కువ లేదు. చెన్నై నుంచి వచ్చే లైను హౌరా వైపు ఒకటి, ఢిల్లీ వైపు ఒకటిగా చీలేది ఇక్కడే. పది ప్లాట్‌ఫారాలు, రాత్రీ పగలూ రద్దీ. కానీ అందులో చాలామంది ఊళ్లోకి వచ్చేవాళ్లు కాదు. బండి ఆగిన కాసేపట్లో దిగి, నీళ్ల బాటిలో ఇడ్లీ పొట్లమో కొనుక్కుని మళ్లీ ఎక్కేస్తారు. పచ్చళ్లు, స్వీట్లు అమ్మేవాళ్లకి వాళ్లే గిరాకీ. లాడ్జికి వాళ్లతో పనేముంది?

మాకు మొదట దొరికింది పట్టాల అవతల, ప్లాట్‌ఫారానికి ఎదురుగా ఉన్న బోర్డు. ఖాళీ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే బ్రహ్మాండంగా కనిపిస్తుంది. బండి వచ్చి ఆగిందా, బోర్డు మొత్తం దాని వెనకే. జనం దిగేదీ సరిగ్గా అప్పుడే. అలాంటి బోర్డు రైలు కోసం ఎదురుచూసేవాళ్లకి, అంటే ఊరు వదిలి వెళ్లేవాళ్లకి మాత్రమే కనిపిస్తుంది. తర్వాత ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్లు దిగి బయటికి తిరిగే మలుపులో ఒకటి దొరికింది. సైజులో దానికి సగం ఉండదు. కానీ అక్కడ సూట్‌కేసులు కింద పెట్టి ఊపిరి పీల్చుకుంటారు, వెనకబడ్డ పెద్దవాళ్ల కోసం ఆగుతారు. ఆ ఆగడమే మాకు కావాల్సింది.

రాసింది తక్కువ. పేరు, 24 గంటల చెక్ అవుట్, స్టేషన్ నుంచి నడిచి రావచ్చన్న మాట, లాడ్జి ముందు భాగం ఫోటో. అమ్మవారి దర్శనానికి ఉత్తరాది వాళ్లూ వస్తారు కాబట్టి హిందీలో ఒక లైను. వీటన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఫోటో. బయట ఆటో ఎక్కితే "ఆ లాడ్జిలో రూములు లేవండీ, దగ్గర్లో మంచిది చూపిస్తా రండి" అనేవాళ్లు కొందరుంటారు, కమిషన్ కోసం. బిల్డింగు ఎలా ఉంటుందో చూసి వచ్చినవాళ్లు ఆ మాట వినకుండా నడుచుకుంటూ వచ్చేస్తున్నారు. కౌంటర్లో అడిగితే వాళ్లే నవ్వుతూ చెబుతారు.

లైటు సంగతి. ట్యూబులున్నప్పుడు ఒకటి పోతే బోర్డు మధ్యలో నల్ల చార పడేది. ఎల్‌ఈడీలు వచ్చాక అది తగ్గింది కానీ ఉసిళ్ల బాధ తగ్గలేదు. తొలి వానలు పడగానే సందుల్లోంచి పెట్టెలోకి దూరి చస్తాయి. అడుగున పేరుకుని, వెనక లైటు పడేసరికి కింది అంచు మసి పూసినట్టుంటుంది. మా ఫోన్ నంబరు ఉండేది సరిగ్గా అక్కడే. ఇప్పుడు నంబరు పైకి మార్పించాం. మీరు వేయించినా కింది జానెడు ఖాళీగా వదిలేయమనండి.

రిపేరుకి ఓపిక కావాలి. పట్టాల పైన కరెంటు తీగల్లో 25 వేల వోల్టులుంటాయి. వాటికి దగ్గరగా పని చేయాలంటే సరఫరా ఆపాలి, దానికి పర్మిషన్ రావాలి. అందులో తప్పుపట్టేదేమీ లేదు. తీగలకి ఆమడ దూరంలో ఉన్న మెట్ల బోర్డుకి కూడా ఒక ఏజెన్సీ ఇదే సాకు చెప్పింది, అదే ఒళ్లు మండే విషయం. 2020 మార్చిలో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాక కూడా అద్దె బిల్లు పంపారు. వాదించి వాదించి, చివరికి గడువు పొడిగింపుతో సర్దుకున్నాం.

డిజిటల్ స్క్రీన్ మాకు అచ్చిరాలేదు. మన ప్రకటన వచ్చేది పది సెకన్లు, తర్వాత మిగతావాళ్ల వంతు. బ్యాగులు మోసుకుంటూ పోయే మనిషి మన వంతు కోసం నిలబడడు. దసరాకో సంక్రాంతికో ఆఫరు పెట్టే బట్టల షాపులకైతే మంచిదే, ఫ్లెక్స్ ఖర్చు లేకుండా డిజైను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

నవరాత్రులకీ భవానీ దీక్షల విరమణకీ బోర్డు లేకపోయినా రూములు నిండుతాయి. దాని పని తెలిసేది ఆషాఢంలో, అర్ధరాత్రి బుకింగ్ లేకుండా దిగే కుటుంబాల దగ్గర. కుర్రాళ్లు రైల్లోనే ఫోన్లో బుక్ చేసేసుకుంటున్నారు, వాళ్ల మీద ఆశ పెట్టుకోలేదు. మొత్తం మీద ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ అర మార్కు మెట్ల మలుపుకే.

ఈసారి మెట్ల బోర్డు ఒక్కటే రెన్యువల్ చేస్తున్నాం. లైటు వెలగని రోజులకి అద్దె ఉండదని అగ్రిమెంటులో రాయమన్నాం, ఒప్పుకున్నారు. ఏడాది అద్దె మొత్తం అడ్వాన్సు అడుగుతున్నారు, మూడు నెలలది ఇస్తామన్నాం. బేరం ఇంకా నడుస్తోంది.